ముత్తమ్మ మందుల డబ్బా

మొన్న మా పీహెచ్‌సీ డాక్టర్ సారు ఫోన్ చేసిండు. వయసుల నా కంటె చాన చిన్నోడు, మంచోడు. నా రిటైర్మెంట్ నాడు శాలువ కప్పింది ఆయనే.

"అమ్మా, కొత్తగ ఐదుగురు నర్సులు జాయినయిన్రు. ఒక్క పూట వచ్చి వాళ్లకు గైడెన్స్ ఇచ్చిపోండి" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. "సారూ, ఒక్క పూటల పాఠం చెప్పొచ్చు. దారి చూపుడు ఒక్క పూటల ఎట్లయితది?" అన్న.

"రెండూ ఒకటే కదమ్మా."

కాదు. ఆ రెండు ఒకటే అనుకొని నేనొక మనిషి పానం మీదికి తెచ్చిన. నోటితోని చెప్తె పిల్లలు నోట్‌బుక్కుల రాసుకుంటరు, టీ తాగుతరు, మర్చిపోతరు. అందుకే కూసొని రాస్తున్న. ప్రమోషన్ల గురించి, రిజిస్టర్ల గురించి ఇందుల ఏం లేదు. అవి మీకు ఎవరైనా చెప్తరు. నేను చేసిన తప్పు మాత్రం నేనే చెప్పాలె.

దారి అడిగితె

మాది కుసుమంచి. పొలాలు, బస్సులు ఉన్న ఊరు. నర్సు ట్రైనింగ్ అయినంక పోస్టింగు పడ్డది మణుగూరుకు, బూర్గంపాడుకు నడుమ అడవిల ఒక సబ్‌సెంటర్‌ల. మా అమ్మ ఏడ్చింది. నేను ఏడ్వలే, కోపమొచ్చింది. ఏడుపు రావాల్సిన కాడ నాకు కోపమే వస్తది, చిన్నప్పటి సంది గంతే. ఈ కోపం సంగతి ముందల మల్ల వస్తది, యాదిపెట్టుకోండి.

నా కింద ఉన్న పల్లెల్ల అన్నిటికంటె లోపలిది రేగులగుంపు. గుంపు అంటె మా దిక్కు అడవిల ఉండే చిన్న కోయపల్లె. మొదటిసారి పోయిన్నాడు రోడ్డు దిగంగనే దారి తెల్వలే. ఎదురుంగ ఒక పెద్దామె వస్తున్నది, నెత్తి మీద చింతపండు గంప. సంతకు పోతున్నది.

"అవ్వా, రేగులగుంపుకు ఎటు పోవాలె?"

మా ఊర్ల అయితె చెయ్యి ఊపి "గట్ల పోయి ఎడమకు తిరుగు" అంటరు, మన పని మనం చూసుకోవాలె. ఈమె గంప దించి చెట్టు మొదట్ల పెట్టి, వచ్చిన దారినే మల్ల వెనుకకు తిరిగి నా ముందు నడిచింది. వాగు దాటినంక దోవ రెండుగ చీలింది. అక్కడ ఆగి, తునికిచెట్టు కొమ్మ ఒకటి ఆకులతోని ఇరిచి, ఒక దోవకు అడ్డంగ పడేసింది.

"ఇటు పోకు" అన్నది. అని తిరిగి పోతున్నది!

నాకు భయమయింది. "అవ్వా, గుంపు దాక రారాదు?"

"ఎందుకు? ఇగ ఒకటే దోవ. సంతల నాకు పొద్దుపోతది" అన్నది. పోయింది.

ఏం మనుషులురా నాయనా అనుకున్న. సగంల వదిలిపెట్టి పోవుడేంది? ఆమె పేరు జోగమ్మ అని తర్వాత తెలిసింది. ఆ దిక్కు అందరు గంతే. దారి నోటితోని చెప్పరు, వెంట నడుస్తరు. నడిచి, చీలిక కాడ ఆకుకొమ్మ వేసి, తిరిగి పోతరు. అందుల ఉన్న సంగతి నా బుర్రకెక్కేసరికి చాన ఏండ్లు పట్టింది.

సోమయ్యకు చెప్పిన పాఠం

రేగులగుంపుల నా మొదటి టీబీ పేషెంట్ సోమయ్య. అప్పట్ల పేషెంటుకు ఒక డబ్బా వచ్చేది. ఆరు నెలల మందు అండ్లనే ఉంటది, డబ్బా మీద ఆ మనిషి పేరు రాస్తం. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు మా కండ్ల ముందు మింగాలె. తర్వాత వారం వారం మందు చేతికియ్యొచ్చు.

నేను బొమ్మల చార్టు పట్టుకొని పోయి పాఠం మొదలుపెట్టిన. ఊపిరితిత్తి అంటె ఏంది, రోగం పురుగు అందులకు ఎట్ల పోతది, దగ్గితె గుడ్డ అడ్డం పెట్టుకొనుడు, ఎక్కడబడితె అక్కడ ఉమ్మొద్దు, కల్లు మానాలె, గుడ్డు తినాలె. ఒకటొకటే చెప్తుంటె సోమయ్య "అవ్ నర్సమ్మా, అవ్ నర్సమ్మా" అంటున్నడు. నాకు మస్తు సంబురమయింది. ఇంత బుద్ధిమంతుడు పేషెంటు ఉంటడా!

నాలుగోసారి పోతె మనిషి మందు మింగనన్నడు. గోడకు ఆనుకొని కూసున్నడు, మొఖం పాలిపోయింది. ఎంత అడిగినా చెప్పడు. ఆఖరికి పక్కింటాయన చెప్పిండు: మూత్రం ఎర్రగ వస్తున్నదట. ఒంట్ల నెత్తురంత పోతున్నదని, ఇగ బతకనని అనుకుంటున్నడు.

టీబీ మందుకు మూత్రం ఎర్రగనే వస్తది. అది మందు రంగు, నెత్తురు కాదు. నేను చెప్పిన గద! చార్టుల కిందికెల్లి రెండోది అదే. కోపమాగలే.

"నేను నీకు చెప్పలేదా? చెప్పిన్నా లేదా?" అని అరిచిన.

సోమయ్య నెమ్మదిగ అన్నడు. "చెప్పినవ్ నర్సమ్మా. గని అది చూసినప్పుడు నువ్ లేవు గద."

ఈ మాట నేను కండ్లు మూసేదాక మరువ. పాఠంల తప్పులేదు. పాఠం చెప్పేది ఒక నాడు, భయం పుట్టేది ఇంకో నాడు. ఆ నాటికి చార్టు సబ్‌సెంటర్ గోడకు ఉంటది.

సోమయ్యను బతిమిలాడి మల్ల మొదలుపెట్టించిన. నయమయిండు, ఇప్పటికీ తాటిచెట్లెక్కుతడు. గని ఆయన మాటకెల్లి నేను తీసుకున్న నీతి మాత్రం తలకిందులుది. నేను లేకనే గద ఇట్లయింది, అయితె ఇగ ఎప్పుడూ నేనే ఉంట అనుకున్న.

నర్సమ్మ మందు

కొన్నేండ్లకు జోగమ్మ కోడలు ముత్తమ్మకు టీబీ వచ్చింది. ముప్ఫై కూడ లేవు. ఆరేండ్ల బిడ్డ ఉన్నది. మనిషి ఎండిపోయి కట్టెపుల్లయింది. తెమడ పరీక్షల తేలంగనే నేను ఒట్టు పెట్టుకున్న, ఈమెను ఎట్లయినా నిలబెడ్త అని.

చార్టు తీయలే. పాఠం చెప్పలే. వారానికి మూడుసార్లు నేనే నడిచిపోయిన. వానైనా, జెరమైనా పోయిన. మాత్రలు నేనే ఇప్పి అరచేతిల పోసేది, నీళ్ల గ్లాసు నేనే పట్టేది, నోరు తెరువమని నాలుక కింద కూడ చూసేది. రెండు నెలలయినంక వారం మందు చేతికియ్యొచ్చని రూలు ఉన్నది గద, నేను ఇయ్యలే. నాకు నమ్మకం లేకుండె. డబ్బా నా బీరువాలనే, తాళంచెవి నా కొంగుకే.

ముత్తమ్మ బరువు పెరిగింది, దగ్గు పోయింది. మీటింగుల అందరి ముందర నన్ను మెచ్చుకున్నరు. ఆ మెప్పు నాకు ఎంత తీపిగ ఉండెనో ఇప్పుడు చెప్పాలంటె సిగ్గయితది.

సంక్రాంతి దాటినంక ఒక పొద్దున పోతె ముత్తమ్మ ఇంటి తడికెకు తాడు కట్టి ఉన్నది. మిర్చి ఏరనీకి పోయిన్రని సోమయ్య చెప్పిండు. ప్రతి ఏడు ఆ దినాల్ల కూలీల మేస్త్రి వచ్చి గుంపోళ్లను ట్రాక్టర్ల ఎక్కించి ఖమ్మం దిక్కు తీస్కపోతడు. నెలన్నర, రెండు నెలలు చేన్ల కాడనే వండుకొని తింటరు. ఈ సంగతి అడవిల పసిపోరలకు కూడ తెలుసు. అన్నేండ్ల సంది అక్కడున్న నాకు తెల్వదా? తెలుసు. గని "నువ్ మిర్చికి పోతవా, పోతె మందెట్ల" అని ఒక్కనాడన్న అడగలే. నాలుక కింద చూసిన గని, మనిషిని అడగలే.

చేను ఎక్కడ్నో ఎవరికీ తెల్వదు. డబ్బా నా బీరువాల ఉన్నది. మూడు నెలల మందు ఇంక మిగిలే ఉన్నది.

ఉగాదికి గుంపు తిరిగొచ్చింది. ముత్తమ్మ నాకు కనబడలే. నేను పోతె ఇప్పపువ్వు ఏరబోయిందనిరి. మల్ల పోతె తునికాకుకు పోయిందనిరి. రెండు నెలలు గట్లనే గడిచింది. ఒకనాడు నేను వాకిట్లకు పోంగనే ఇంటెనుక తడికె కదిలింది, దగ్గు వినబడ్డది. ఆమె దాక్కుంటున్నది. నేను తిడ్తనని! పానం పోతున్నా సరే నర్సమ్మ కండ్ల పడొద్దనుకున్నది. ఆ దినం వాగు కాడ కూసొని నేను కోపం రాకుంట ఏడ్చిన.

తొలకరి వానలు పడ్డ పొద్దున జోగమ్మ కోడల్ని పట్టుకొని సబ్‌సెంటర్‌కు వచ్చింది. ఆ రోజు ముసలామె చీలిక కాడ ఆగలే, గడప దాక నడిచొచ్చింది. ముత్తమ్మ కొంగుకు నెత్తురు మరకలున్నయి. ఈసారి అది మందు రంగు కాదు.

నేను ఏమీ అనొద్దనుకున్న. గని నోరాగలే. "మందు ఆపొద్దని తెల్వదా ముత్తమ్మా? పోయేటప్పుడు నాకొచ్చి చెప్తె డబ్బా ఇయ్యకపోదునా?"

ముత్తమ్మ నా దిక్కు చూసింది. నిజంగనే ఆమెకు అర్థం కాలే.

"అది నీ డబ్బా గద నర్సమ్మా. నీ మందు నేనెట్ల అడగాలె? నువ్ తెస్తవు, నేను మింగుత. అక్కడికి నువ్ రాలే."

డబ్బా మీద పేరు ముత్తమ్మదే. నేనే నా చేతితోని రాసిన. గని మూడు నెలల్ల ఒక్కసారన్న ఆ డబ్బా ఆమె చేతిల పెట్టలే. నేను ఆమెకు దారి చూపుతున్నననుకున్న. ఎత్తుకొని మోసిన. మోసినోళ్ల కండ్లకే దారి కనబడుతది గని, మోయించుకున్నోళ్లకు ఏం కనబడుతది?

రెండోసారి

రెండోసారి మందంటె అప్పట్ల ఎనిమిది నెలలు, మొదటి రెండు నెలలు సూదులు. మల్ల మధ్యల ఆగిందంటె ఆ మందులకు కూడ రోగం లొంగకపోవచ్చు. అప్పుడు ఇగ మా చేతిల ఏముండదు. ఆ మాట ముత్తమ్మకు దాచకుండ చెప్పిన. చెప్పి డబ్బా ఆమె ఒళ్లె పెట్టిన.

"ఇది నీది. మీ ఇంట్లనే ఉంటది. సూది వెయ్యనీకి నేనొస్త. మాత్రలు నువ్వే ఇప్పాలె."

ఆమె దాన్ని ముట్టనీకి భయపడ్డది. పది రోజులు తప్పుగ ఇప్పేది, నేను చేతులు కట్టుకొని కూసునేది. నాకు అది ఎంత కష్టమో మీకు చెప్పలేను. నా వేళ్లు దురద పెట్టేవి.

దినాలు లెక్క పెట్టుకోనీకి టిక్కులు కొట్టే క్యాలెండర్ ఇచ్చిన. వారానికి పోతె అది అంబలికుండ మీద మూతయింది. కోపమొచ్చింది గని మింగిన. "మరి లెక్క ఎట్ల?" అని అడిగిన. ముత్తమ్మ లోపలికెల్లి తునికాకు కట్ట తెచ్చింది. మందు మింగిన్నాడు ఒక ఆకు కట్టల చేరుస్తది. యాభై ఆకులకు ఒక కట్ట. ఎండకాలమంత బీడీల ఆకు కట్టలు కట్టుడే ఆమె పని. ఆకులు తక్కువైతె కండ్లు మూసుకొని చెయ్యితోనే పట్టుకుంటది. అట్లాంటి మనిషికి నేను టిక్కులు నేర్పబోయిన!

ఎనిమిది నెలలు నిండక ముందే మల్ల మిర్చి కాలం వచ్చింది. ఇంక ఆరు వారాల మందు ఉన్నది. ముత్తమ్మ వచ్చి గడప కాడ నిలబడ్డది.

"మేస్త్రి వచ్చిండు. పోనా నర్సమ్మా?"

వద్దని నోటి దాక వచ్చింది. పేషెంటును ఏరియా దాటనియ్యొద్దని పై నుంచి గట్టిగ చెప్పిన్రు. రేపు చెప్త అని పంపి, రాజ్యమ్మ సిస్టర్ దగ్గరికి ఉరికిన.

ఆమె నా మొదటి సూపర్వైజర్. నోట్లె తమలపాకు లేంది మాట రాదు. కొత్తల నాతోని మొదటి టీకా వేయించింది ఆమెనే. నా చేతిల సిరంజి పెట్టి, చంటిపిల్లను నా ముందుంచి, తను మందుల బీరువా దిక్కు తిరిగి నిలబడ్డది. నా చెయ్యి వణుకుతుంటె ఒక్కసారన్న వెనుకకు చూడలే. ఆ కోపం నాకు ఏండ్ల తరబడి ఉండె.

సంగతంత విన్నది. "డబ్బా ఎవరి దగ్గరున్నదే?" అని అడిగింది.

"ఆమె దగ్గరనే."

"మరి నన్నేమడుగుతవ్?"

"మల్ల ఆపితె సస్తదమ్మా! నువ్వంటె నా మొదటి సూది నాడు గోడ దిక్కు తిరిగి నిలబడ్డవ్, నీకేం భయం?"

రాజ్యమ్మ పక్కకుబోయి ఉమ్మేసి వచ్చి నవ్వింది. "గోడ దిక్కు ఎక్కడే పిచ్చిదానా. బీరువా తలుపు అద్దంది. నీ చెయ్యి ఎంత వణికిందో అండ్ల మొత్తం చూసిన. నేను చూస్తున్న సంగతి నీకు తెలిస్తె నువ్ సూది కింద పెడుదువు."

తెల్లారి పోయి ముత్తమ్మను "పో" అన్న. ఈసారి చేను ఏ ఊరిదో అడిగి రాసుకున్న. ఆ ఊరి నర్సుకు ఫోన్ చేసిన. "రేగులగుంపు కూలీలల్ల ముత్తమ్మ అని ఉంటది. ఏమీ అడగకు, ఏమీ చెప్పకు. ఊరికె చూసి నాకు చెప్పు" అన్న.

వారానికి ఆమె ఫోన్ చేసింది. "అక్కా, చేనుగట్టు మీద అన్నం తిన్నంక మూట ఇప్పింది. మాత్రలు మింగి, ఎండిన ఆకు ఒకటి తీసి కట్టల పెట్టుకున్నది. ఏందక్కా అది, పూజనా?"

"అవ్, పూజనే" అన్న. ఫోన్ పెట్టేసి చాన సేపు నవ్విన.

డబ్బా ఎవరిది

మిర్చి అయినంక ముత్తమ్మ తిరిగొచ్చింది. పరీక్షల తెమడ సాఫ్. ఖాళీ డబ్బా, ఆకుల కట్టలు నా బల్ల మీద పెట్టింది. నేను లెక్కపెట్టబోతె "నాది తప్పుతదా?" అని గదమాయించింది.

ఆమె వెనుక ఇంకో ఆడమనిషి ఉన్నది. బక్కగ, తల వంచుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతున్నది. రాష్ట్రం బార్డరు అవతలి నుంచి మిర్చికి వచ్చిందట, పేరు దేవె. తెలుగు రాదు. చేన్ల దగ్గుతుంటె ముత్తమ్మ చూసింది. చుట్టరికం కలుపుకొని తన వెంట గుంపుకు తీసుకొచ్చింది. పరీక్షకు పంపిన, టీబీనే అని తేలింది. డబ్బా వచ్చిన్నాడు ఇద్దరూ మల్ల వచ్చిన్రు.

నేను డబ్బా తీసి, దేవె ముందు కూసొని, గొంతు సవరించుకున్న. ఎంతైనా పాత అలవాటు.

"నువ్ ఊకో నర్సమ్మా" అన్నది ముత్తమ్మ.

నా చేతిలకెల్లి డబ్బా తీసుకొని దేవె ఒళ్లె పెట్టింది. దేవె చేతులు ముడుచుకున్నది. ముత్తమ్మ ఆ చేతులు రెండూ పట్టి డబ్బా మీద పెట్టి, కోయ భాషల ఏదో చెప్పింది. నాకు ఆ భాష సగమే వస్తది. నర్సమ్మది కాదు, నీది, అన్నదని మాత్రం అర్థమయింది. తర్వాత బయట పొదల దిక్కు చెయ్యి చూపించుకుంట, నవ్వుకుంట ఇంకేందో చెప్పింది. దేవె కూడ సిగ్గుతోని నవ్వింది. మూత్రం రంగు సంగతి చెప్పిందని నాకు తెలిసిపోయింది. మందు గురించి మొట్టమొదలు చెప్పింది అదే. నా చార్టుల అది కిందికెల్లి రెండోది.

ఇద్దరు లేచిన్రు. నేను చెప్పులు వేసుకొని వెంట బయలెల్లిన. వాకిలి దాటంగనే ముత్తమ్మ ఆగి నన్ను చూసింది.

"ఎటు నర్సమ్మా?"

"గుంపు దాక వస్త. మొదటి రోజు గద."

"ఎందుకు? నేనున్న గద. నువ్ ఎల్లుండి రా, ఆమె మింగుతదో లేదో చూద్దువు. పో, లోపల మంది కూసున్నరు."

వాళ్లు వాగు దిక్కు పోయిన్రు. ముందు ముత్తమ్మ, వెనుక డబ్బాను కడుపుకు అదుముకొని దేవె. కనబడ్డ దాక చూసి, నేను చెప్పులు ఇడిసి లోపలికి వచ్చిన.